తిరగబడిన ‘తె’

ట్రే అంటే మా అత్తగారి దృష్టిలో చుట్టాలొచ్చినప్పుడు అటక మీంచి దించి, తుడిచి, కాఫీ గ్లాసులు పెట్టేది ఒక్కటే. అందుకే కంప్యూటరు తెర కింద కుడి మూలని చూపించి “దీన్ని సిస్టం ట్రే అంటారండీ” అని నేను చెప్పినప్పుడు, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసి, “మరి గ్లాసులేవే ఇందులో?” అన్నారు. గ్లాసుల బదులు అక్కడ బొమ్మలుంటాయి. శబ్దం పెంచుకోవడానికి స్పీకరు బొమ్మ, ఇంటర్నెట్ కలిసిందో లేదో చెప్పే రెండు బుల్లి కంప్యూటర్లు, ఏ భాషలో టైపు చేస్తున్నామో తెలిపే జెండా. ఒక్కొక్కటీ పెసరగింజంత. ఆ పెసరగింజల దగ్గరే మా తోటికోడలికీ నాకూ చెడింది. చెడిందన్న సంగతి తనకి తెలియదు. నా ఒక్కదానికే చెడింది.

మాది గుడివాడలో ప్రెస్సు వాళ్ళ ఇల్లు. మా మావగారు సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, పేర్చి, శుభలేఖలూ కరపత్రాలూ అచ్చువేస్తూ తల నెరిసిన మనిషి. ఆఫ్‌సెట్ వచ్చింది, డీటీపీ వచ్చింది, ఆ పని మూలపడింది, అక్షరాలన్నీ తూకానికి పోయాయి. బజార్లో షాపుని మావారూ మా మరిదీ కంప్యూటర్లతో నడిపేవారు. మావగారు ఇంట్లో కూర్చుని శుభలేఖల్లో తప్పులు దిద్దేవారు. షాపులో పాతబడిన కంప్యూటరొకటి ఆయన కోసం ఇంటికి వచ్చి ముందుగదిలో చేరింది. కస్టమర్ల ఫ్లాపీల పుణ్యమా అని దానికి పట్టని వైరస్ లేదు. నేను దివిసీమ పిల్లని. మోపిదేవి పక్కన మా ఊరు. పెళ్ళికి ముందు అవనిగడ్డలో కంప్యూటరు కోర్సు చేశాను. ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీ పెట్టి ఆ మిషన్లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించాను. వైరస్ గొడవ వదిలింది. అప్పటి నుంచీ ఆ మిషన్ నాదేనని అనుకున్నాను.

ఇంట్లో అందరికీ వేరువేరు పేర్లతో లాగిన్లు పెట్టాను గానీ, మావగారికి పాస్‌వర్డు కొట్టడమంటే విసుగు. “మనింట్లోకి మనం వెళ్ళడానికి తలుపు కొట్టాలంటే ఎట్టాగమ్మా?” అనేవారు. అందుకని ఆన్ చేయగానే ఏమీ అడక్కుండా నేరుగా నా తెర తెరుచుకునేట్టు ఏర్పాటు చేశాను. నాదే ఎందుకంటే, పెద్దకోడల్ని నేను, ఎక్కించింది నేను. ఎవరైనా వచ్చి “ఇదేంటండీ, మామూలు కంప్యూటర్లా లేదే” అంటే, మావగారు “లినక్స్ అంటారు, మా పెద్దకోడలు పెట్టింది” అనేవారు. ఆ ఒక్క మాట వినడానికి పోపు మాడుతున్నా వదిలేసి గుమ్మం దాకా వచ్చేదాన్ని.

ఇంతలో మా మరిదికి పెడన సంబంధం కుదిరింది. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న కలంకారీ బట్టల మీద అద్దే అచ్చులు చెక్కుతారు. ఆయన టేకు చెక్క మీద పూలూ తీగలూ చెక్కుతుంటే పక్కన కూర్చుని తనూ చెక్కుతూ పెరిగిన పిల్ల. కంప్యూటరు ముట్టుకుని ఎరగదు. మౌసు పట్టుకోవడం దగ్గర నుంచీ నేనే నేర్పాను. అక్కా అక్కా అంటూ వెనకాలే తిరిగేది. ఒకరోజు “అక్కా, ఈ స్పీకరు బొమ్మ తీసేసి మనకి నచ్చింది పెట్టుకోవచ్చా?” అని అడిగింది. గురువుననే బడాయి కదా, అంతా విప్పి చెప్పాను. చుక్కతో మొదలయ్యే పేరున్న ఫోల్డరు ఒకటి మామూలుగా కంటికి కనపడకుండా ఉంటుందని, అందులో మన బొమ్మని పాత బొమ్మ పేరుతోనే పెడితే, లాగిన్ నుంచి ఒకసారి బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రాగానే పాతదాని చోట్లో కొత్తది కూర్చుంటుందని చూపించాను. దారి చూపించింది నేను. ఈ సంగతి తర్వాత ఎవరికీ గుర్తులేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

కొన్నాళ్ళకే తన లాగిన్లో ట్రే అంతా మారిపోయింది. స్పీకరు చోట రేకుల పువ్వు. సౌండు ఆపేస్తే ఆ పువ్వు ముడుచుకుని మొగ్గవుతుంది. ఇంటర్నెట్ కలిస్తే మామిడిపిందె ఎర్రబడుతుంది, తెగిపోతే నల్లబడుతుంది. రంగులు కూడా వాళ్ళ ఊళ్ళో బట్టల మీద కనిపించే రంగులే. పెసరగింజంత చోటులో పువ్వు రేకులకి ఈనెలు కూడా వేసింది, మహాతల్లి.

మా అత్తగారు చూసి “ఎంత ముద్దుగా ఉందో” అని మురిసిపోయారు. మావారు షాపు నుంచి వచ్చీ రాగానే “ఆ పువ్వు చూశావా?” అన్నారు. చూశాను. ఇంట్లో ఉండేదాన్ని, చూడకుండా ఎక్కడికి పోతాను? చచ్చిన మిషన్ని నేను బతికించిన రోజున ఈయనగారు అన్న మాట “అన్నం పెట్టు, ఆకలేస్తోంది.” కుళ్ళుకున్నాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు, లోలోపల కుతకుతా ఉడికిపోయాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనూ కూర్చుని ఒక పువ్వు గీశాను. విరిగిన అప్పడంలా వచ్చింది. చెరిపేశాను.

ఒక్కటే ధైర్యం. మిషన్ ఆన్ చేస్తే వచ్చేది ఇంకా నా తెరే. ఆ పువ్వులు చూడాలంటే నా తెర మూసి, తన పేరు నొక్కి, తన పాస్‌వర్డు కొట్టాలి. అది మారనంత వరకూ నా పెద్దరికానికి వచ్చిన లోటేమీ లేదని సర్దిచెప్పుకున్నాను.

మావగారికి మాత్రం జెండాతో కష్టంగా ఉండేది. తెలుగులో టైపు చేస్తుంటే ఒక దేశం జెండా, ఇంగ్లీషులో అయితే ఇంకో దేశం జెండా. “నా కళ్ళకి రెండూ రంగు గుడ్డముక్కలేనమ్మా” అనేవారు. ఏది ఉందో తెలియక వరుడి పేరు కొట్టబోతే తెర మీద ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు వచ్చేవి. “పెద్దమ్మాయ్, మళ్ళీ ఇంగ్లీషులో పడ్డానే, వచ్చి లాగు” అని కేకేసేవారు. పరిగెత్తుకెళ్ళి లాగేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ కేక నాకిష్టం.

ఒకసారి అలా లాగుతుంటే మా తోటికోడలు అక్కడే ఉంది. “జెండాలెందుకు మావయ్యగారూ? తెలుగైతే ‘తె’ అనీ, ఇంగ్లీషైతే ‘ఇం’ అనీ రాసి పెట్టనా?” అంది. ఆయన మొహం వెలిగిపోయింది. “పెట్టమ్మా. అట్టా కుదిరితే ఇక నీ దాంట్లోనే కూర్చుంటా” అన్నారు. ఇన్నాళ్ళూ పరిగెత్తుకొచ్చి లాగుతున్నానే గానీ, ఆ ఆలోచన నాకెందుకు రాలేదని నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం తను ఆ రెండూ గీసి, ఫోల్డర్లో పెట్టి, బయటికెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చింది. నేను వెనకే నిలబడి ఉన్నాను. ట్రేలో ‘తె’ ప్రత్యక్షమైంది. ముద్దుగానే ఉంది గానీ, అద్దంలో చూసినట్టు అటుది ఇటూ ఇటుది అటూ అయిపోయింది. తను నాలిక కరుచుకుంది.

“అయ్యో అక్కా! ఫైలంటే అచ్చనుకున్నాను. అచ్చు తిప్పి చెక్కితేనేగా బట్ట మీద సరిగ్గా పడేది! తెర మీద పడేటప్పుడు అదే తిరుగుద్దనుకున్నా.”

వాళ్ళింట్లో బట్ట అంచున వేసే పేర్లన్నీ తిప్పి చెక్కడం తనకి ఓనమాలతో పాటే అలవాటు. పువ్వునీ పిందెనీ ఎటు తిప్పినా తేడా తెలియదు కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు. నాకు ఎంత చల్లగా ఉందో చెప్పలేను. తను మార్చేద్దామని మౌసు పట్టుకునేలోపే మావగారు శుభలేఖ ప్రూఫుతో లోపలికి వచ్చి, “లేమ్మా, నేను కూర్చుంటా” అన్నారు. తను లేచి నిలబడింది. నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలిపి, ఎన్నడూ లేనిది అత్తగారి ట్రేలో పెట్టి మరీ తెచ్చాను. తమాషా అంతా దగ్గరుండి చూడాలి కదా.

ఆయన మూలకి ఒకసారి చూశారు. “ఆఁ, తెలుగులోనే ఉంది” అనుకుని చకచకా టైపు చేసుకుపోయారు. నేను ట్రే పట్టుకుని నిలబడ్డాను. ఆయన పేజీ చివరికి వచ్చేస్తున్నారు. ఇక ఆగలేకపోయాను.

“మావయ్యగారూ, ఆ అక్షరం సరిగ్గా ఉందాండీ?”

“సరిగ్గానే ఉందిగా. తె.”

“తిరగబడి ఉందండీ.”

ఆయన కళ్ళజోడు తీసి, తెరకి ముక్కు ఆనేంత దగ్గరికి వంగారు. ఆయన బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా కదులుతోంది. సీసపు అక్షరానికి ఒక పక్కన గాడి ఉంటుందట, ఏది పైవైపో చూడకుండానే దాన్ని తడిమి తెలుసుకుంటారట. ఆ సంగతి తర్వాతెప్పుడో చెప్పారు. అప్పుడు మాత్రం నాకేసి తిరిగి, “తిరగబడ్డమేంటమ్మా? అక్షరమంటే ఇట్టాగే ఉంటది. కాయితం మీద పడ్డాకే అట్టా అవుద్ది” అన్నారు. తర్వాత తనకేసి చూసి, “సీసపు టైపు తూకానికేశాక మళ్ళీ ఇదే చూట్టం. ఎక్కడ నేర్చావే?” అని అడిగారు.

“మా నాన్న దగ్గరండీ. తప్పయిపోయింది, తిప్పేస్తానండీ.”

“తిప్పావంటే ఊరుకోను. మీదీ అచ్చే, మాదీ అచ్చేనన్నమాట!”

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. తోటికోడలు నా వంక చూసి నవ్వింది, అమాయకంగానే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. నేను తప్పు లేకుండా చేసిన పనులన్నీ కలిపినా, అది చేసిన ఒక్క తప్పుకి సాటి రాలేదు. తప్పు చేయడానికి కూడా పెట్టి పుట్టాలేమో.

ఆ మర్నాడు పొద్దున్నే మావగారు నన్ను పిలిచారు. “పెద్దమ్మాయ్, మిషను ఆన్ చెయ్యగానే చిన్నదాని తెరొచ్చేట్టు పెట్టగలవా? దానికి తెలవదంట. నీకొక్కదానికేగా తెలుసు.” అలాగేనండీ అన్నాను. ఇంకేమంటాను? కూర్చుని, నా పాస్‌వర్డే కొట్టి, నా పేరు చెరిపి, ఆ చోట దాని పేరు రాశాను. మిషన్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే, ఏమీ అడక్కుండా పువ్వుతో, పిందెతో, తిరగబడిన ‘తె’తో తెర తెరుచుకుంది. ఆ సాయంత్రం శుభలేఖ కోసం వచ్చినాయన మూలకి చూసి “ఇదేంటండీ?” అన్నాడు. “మా చిన్నకోడలు గీసింది” అన్నారు మావగారు. లినక్స్ పెట్టింది ఎవరని ఆయన అడగలేదు, ఈయనా చెప్పలేదు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

ఆ తర్వాత మావగారు ఇంగ్లీషులో పడ్డది లేదు, నన్ను కేకేసిందీ లేదు.

అందరూ పడుకున్న ఒక మధ్యాహ్నం నేనూ ఒక ‘తె’ రాశాను. బొమ్మని తిప్పడానికి గీసే ప్రోగ్రాంలోనే మీట ఉంది, నొక్కితే తిరిగిపోయింది. దాన్ని నా లాగిన్లో పెట్టుకున్నాను. ఆ మిషన్ పాడై మూలపడే వరకూ అది అక్కడే ఉంది. మావగారు ఎప్పుడైనా నా దాంట్లోకి వస్తే చూస్తారనుకున్నాను. రాలేదు.