మెమరీ కార్డులో పాటలు, కోర్టులో తారీఖులు

మొన్న శుక్రవారం మా తమ్ముడి కూతురు తమ బడి పిల్లల డాన్సు వీడియోను ఫోను నుంచి నెట్‌లో పెట్టి, కాసేపటికి మూతి ముడుచుకుని నా దగ్గరికి వచ్చింది. వీడియోలో పిల్లలు ఎగురుతున్నారు గాని పాట మాత్రం వినబడడం లేదు. "అత్తమ్మా, బఘ్ నా, కాపీరైట్ ఆలా! పాటంత మ్యూట్ చేసిండ్రు" అని సగం మరాఠీలో, సగం మన తెలుగులో ఫిర్యాదు చేసి, అంతలోనే మరిచిపోయి వేరే పాట వెతుక్కుంటూ వెళ్లిపోయింది. నేను మాత్రం కాపీరైట్ అన్న ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. ఆ మాట వింటేనే మా ఇంట్లో అన్నం సహించని రోజులు కొన్ని ఉండేవని ఆ పిల్లకు ఎవరు చెబుతారు, చెప్పినా ఎందుకు నమ్ముతుంది?

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఫోనులో ఇంటర్నెట్ తెరిస్తే బ్యాలెన్సంతా మాయమైపోతుందని భయపడే కాలం అది. పాట కావాలంటే గోరంత మెమరీ కార్డు పట్టుకుని దుకాణానికి పోవలసిందే. అప్పటికి నేను సిరిసిల్ల వైపు నుంచి కోడలిగా ముంబై పక్కనున్న భివండీకి వచ్చి చాలా ఏండ్లయింది. అక్కడి శాంతి నగర్‌లో మా ఆయన మరమగ్గాలు నడిపేవాడు, నేను కండెలు చుట్టేదాన్ని. పదో తరగతి అయ్యాక మా తమ్ముడు కూడా మగ్గం పనికే వచ్చాడు గాని, ఆ చప్పుడుకు వాడి తల పగిలిపోయేది, రోజూ సాయంత్రానికి కళ్లు ఎర్రబడి వచ్చేవాడు. చివరికి ఫోన్లు బాగుచేసే పని నేర్చుకుని, ఆ ఊళ్లోనే కనేరిలో గాలా అనే దుకాణపు గది, మనిషి కాళ్లు చాపుకోవడానికి కూడా చాలనంతది ఒకటి కిరాయికి తీసుకుని దుకాణం పెట్టాడు.

రిపేరు అంతంతమాత్రంగానే నడిచేది. దుకాణాన్ని నిలబెట్టింది పాటలే. శుక్రవారం మగ్గాలకు సెలవు కాబట్టి పొద్దున్నుంచే మనవాళ్లూ, ఉత్తరాది భయ్యాలూ గుంపుగా వచ్చి నిలబడేవారు. ఒకరికి కొత్త సినిమావి, ఒకరికి బతుకమ్మ పాటలు, ఒకరికి భోజ్‌పురి, ఇంకొకరికి చర్చిలో పాడుకునే పాటలు. తమ్ముడు ప్రతి పాటనూ కార్డులోకి ఎక్కించే ముందు స్పీకరులో కాస్త వినిపించేవాడు, ఇదేనా నీకు కావలసింది అని అడిగేవాడు. వారమంతా మగ్గాల మోతలో మునిగిన మనుషులు ఆ గాలా ముందు నిలబడి తలలూపుతుంటే చూడడానికి నాకు ఎంతో ముచ్చటగా ఉండేది. అది తప్పని మాలో ఎవరికీ తట్టలేదు. బజారులో ప్రతి ఫోను దుకాణంలోనూ జరిగేదే కదా అనుకున్నాం.

ఒక శుక్రవారం నేను తమ్ముడికి సద్ది తీసుకుని వెళ్లినప్పుడు, బక్కగా, కళ్లద్దాలతో ఉన్న ఒకాయన ఎండలో నిలబడి ఉంటే నేనే లేచి నా స్టూలు ఇచ్చాను. కొత్త సినిమా పాటలు అడిగి ఎక్కించుకుని, మర్యాదగా నమస్తే చెప్పి వెళ్లాడు. మరుసటి శుక్రవారం ఆయనే మళ్లీ వచ్చాడు, ఈసారి పోలీసులతో. ఆయన పాటల కంపెనీ తరఫున ఇలాంటి దుకాణాలు పట్టించే మనిషని అప్పుడు తెలిసింది. కంప్యూటరును గోనెసంచిలో కట్టారు. కార్డులు పట్టుకుని నిలబడిన జనం ముందే తమ్ముణ్ని జీపు ఎక్కించారు. వాడు వెనక్కి తిరిగి, "అక్కా, పాటలకు గూడ పట్కపోతరా?" అని అడిగాడు.

బెయిలు కావాలంటే ఆస్తి కాగితాలున్న మనిషి జామీను ఉండాలన్నాడు వకీలు. మేముండేది కిరాయి ఖోలీ, కాగితాలు ఎక్కడివి? దానికి తోడు తమ్ముడికి అప్పుడే సంబంధం ఖాయమై ఉంది. పిల్ల తండ్రికి కనేరిలోనే నాలుగు మగ్గాల సొంత కార్ఖానా. ఆయన మా గుమ్మంలోకి వస్తుంటే, ఇంకేముంది, సంబంధం తెంపుకోవడానికే వచ్చాడని మా ఆయన ముఖం చెల్లని వాడిలా లోపలికి వెళ్లిపోయాడు. ఆ పెద్దమనిషి కూర్చోకుండానే ఒకే మాట అడిగాడు.

"పిలగాడు ఎవలదన్న గల్లాల చెయ్యి వెట్టిండా?"

"లేదు మామా, పాటలు ఎక్కిచ్చిండు, గంతే" అన్నాను నేను.

"గట్లైతే నడువుండ్రి, కాయిదాలు నేను వెడ్త. పిల్లనిస్త అన్నోన్ని, జామీను ఇయ్యనా?"

ఆ మాటకు లోపలి గదిలో మా ఆయన ముక్కు చీదిన శబ్దం నాకిప్పటికీ వినబడుతుంది.

బెయిలు వచ్చింది గాని కథ అప్పుడే మొదలైంది. కొన్నాళ్లకు కంపెనీ వకీళ్ల దగ్గర నుంచి ఇంగ్లీషులో నోటీసు వచ్చింది. మా వకీలు దాన్ని చదివి నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. పోలీసుల కేసు ఒకటి, అందులో జైలు శిక్ష పడవచ్చు. కంపెనీ తనకు జరిగిన నష్టానికి వేసే దావా రెండోది. దీనికీ దానికీ సంబంధం లేదు, ఒకటి తీరినంత మాత్రాన రెండోది తీరదు. నష్టపరిహారం కింద వాళ్లు అడిగిన సొమ్ముతో శాంతి నగర్‌లో మాకు సొంత ఖోలీయే వచ్చేది. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే తమ్ముడు రోడ్డు మీద మనుషులను గుద్దుకుంటూ నడిచాడు.

దుకాణం మూతపడింది, గాలా కిరాయి మాత్రం ఆగలేదు. తమ్ముడు ఊరి బయట కాశేలి గోదాముల్లో పెట్టెలు మోయడానికి పోయాడు. కోర్టు పిలిచిన ప్రతి తారీఖుకూ వాడి కూలీ పోయేది, తోడు వెళ్లినందుకు నా కూలీ పోయేది. ఊరికి పారిపొమ్మన్నవాళ్లున్నారు. నేరం ఒప్పుకుని జుర్మానా కట్టేస్తే పీడ పోతుందన్నవాళ్లూ ఉన్నారు. తమ్ముడు విసిగిపోయి, "ఒప్పుకుంట అక్కా, నావల్ల నువ్వు గూడ ఎన్నొద్దులు తిరుగుతవ్?" అన్నాడు. వకీలు తల అడ్డంగా ఊపాడు. ఒప్పుకుంటే శిక్ష ఎంత పడుతుందో తన చేతిలో లేదనీ, జుర్మానాతో తేలినా నేరస్తుడన్న మచ్చ ఉండిపోతుందనీ, రేపు పాస్‌పోర్టుకు పోయినా, నౌకరీకి పోయినా పోలీసు విచారణలో అది బయటికి వస్తుందనీ చెప్పాడు. "నా కాళ్లు మంచిగనే ఉన్నయి, తిరుగుత తియ్" అన్నాను నేను.

ఆ తిరుగుడులోనే ఆ కళ్లద్దాల మనిషి మాకు పరిచయమయ్యాడు. ఆయన సాక్షి కాబట్టి తారీఖుకు ఆయనా రావలసిందే, మాలాగే పేరు పిలిచేదాకా వరండాలో కాచుకోవలసిందే. మొదట్లో ముఖం తిప్పుకునేదాన్ని. ఒక ఎండాకాలం ఆయన దగ్గుతో ఉక్కిరిబిక్కిరి అవుతుంటే చూడలేక మా నీళ్ల సీసా ఇచ్చాను. ఆయన నీళ్లు తాగి, ఆ రోజు స్టూలు ఇచ్చింది మీరే కదా అని బజారు హిందీలో అడిగి, తల దించుకున్నాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. కల్యాణ్‌లో ఆయనకు క్యాసెట్ల దుకాణం ఉండేదట, తండ్రి పెట్టింది. ఒక్కో క్యాసెట్టూ డబ్బు పెట్టి తెచ్చి అమ్ముకునేవాళ్లు. ఈ కార్డులు వచ్చాక కొనేవాళ్లు లేక దుకాణం మూసేసి, పొట్టకూటికి ఈ పనిలో చేరాడు. కోపంగా కాదు, ఊరి సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఇల్లు చేరాక తమ్ముడు, చెప్పులు విప్పుతూ విప్పుతూ, "అక్కా, నేను గీ పాటలన్నీ కంపెనోళ్లయే అనుకున్న. మనసొంటోళ్లు గూడ బతుకుతుండ్రు వాటి మీద" అన్నాడు. జైలంటే భయపడడం తప్ప, తాను చేసిన పని గురించి వాడు ఆలోచించడం నేను చూసింది ఆ రోజే.

దారి చూపింది కూడా ఆ మనిషే. మీ వకీలుతో రాజీకి రాయించండి, కంపెనీకి మీ ఇల్లు అక్కర్లేదు, ఈ పని ఆగితే చాలు అన్నాడు. కంపెనీ తరఫు వకీలు ఒక ఆడమనిషి. తమ్ముడు గోదాములో మోస్తున్న బరువుల సంగతంతా విని, ఇకముందు ఎన్నడూ ఈ పని చేయనని రాసిచ్చే షరతు మీద సొమ్ము బాగా తగ్గించి, వాయిదాల్లో కట్టుకోవడానికి ఒప్పుకుంది. పోలీసు కేసు కొట్టివేయించడానికి మళ్లీ ముంబై హైకోర్టుకు పోవలసి వచ్చింది. కంపెనీ తనకు అభ్యంతరం లేదని రాసిచ్చింది. జడ్జిగారు తమ్ముణ్ని ఇప్పుడేం పని చేస్తున్నావని అడిగారు, వాడు ఫోన్ల రిపేరు మళ్లీ మొదలుపెడతానన్నాడు, అంతే, కేసు కొట్టేశారు, అన్నేండ్ల బరువు చాయ్ చల్లారేలోపు దిగిపోయింది. బయటికి వచ్చాక, పిల్ల తండ్రి నసుగుతూ, ఇన్నేండ్లు పక్కనే ఉండి తాను సముద్రం చూడలేదన్నాడు. అందరం వెళ్లి గట్టు మీద కూర్చున్నాం. ఆయన వేరుసెనగలు కొని, ఒక్కొక్కరి దోసిట్లో పోస్తూ, కొడుకు పరీక్ష పాసైన తండ్రిలా మురిసిపోయాడు.

కేసు తీరాకే జరిగిన పెళ్లిలో మాత్రం మా తమ్ముడు ఒక్క రికార్డు పాట కూడా పెట్టనివ్వలేదు. పెళ్లిలో పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరని వకీలు నవ్వుతూ చెప్పినా వినలేదు. "నాకు పాటల జోలే వద్దు సార్" అని దండం పెట్టాడు. చివరికి నాతో కండెలు చుట్టే ఆడవాళ్లందరూ పందిట్లో గుండ్రంగా కూర్చుని, అమ్మల దగ్గరా అమ్మమ్మల దగ్గరా నేర్చిన పాటలు గొంతులు బొంగురుపోయేదాకా పాడారు. భయ్యాల ఇళ్ల ఆడవాళ్లు వాళ్ల పాటలు అందుకున్నారు. అంత నిండైన పెళ్లి నేను మళ్లీ చూడలేదు.

వాయిదాలు కడుతూనే వాడు పిల్లలను కన్నాడు, కడుతూనే పని మీద చేయి తిరిగింది. కనేరిలో వాడి రిపేరు దుకాణం ఇప్పుడు పెద్దది, బయట బోర్డు మీద వాడి పేరు తెలుగులో కూడా రాయించుకున్నాడు. ఆఖరి వాయిదా కట్టిన రోజు మా అందరికీ జిలేబీ తెచ్చాడు.

ఇప్పుడు పాట కోసం ఎవరూ దుకాణానికి పోనక్కర్లేదు. నెలకింత అని ఫోనుకు కడితే లోకంలో ఉన్న పాటలన్నీ హక్కుగానే వస్తున్నాయి, పాడినవాళ్లకూ ఎంతో కొంత చేరుతుందంటున్నారు. మంచిదే, ఏ అక్కా తమ్ముడి వెంట కోర్టు మెట్లు ఎక్కవలసిన పని లేదు. కానీ శుక్రవారం పూట కనేరి సందులో నడుస్తుంటే, చెవుల్లో తీగలు పెట్టుకుని తలలు వంచుకున్న కుర్రవాళ్లు వరుసగా అరుగుల మీద కనబడతారు. అందరి దగ్గరా పాట ఉంది. పక్కనున్నవాడు ఏ పాటకు కళ్లు తుడుచుకుంటున్నాడో మాత్రం ఇప్పుడు ఎవరికీ తెలియదు.