సుందర్ రావు చుక్క

కాజీపేట పక్కన వెంకట్రాజం వర్క్‌షాపులో తయారైన, యంత్రాల్లో బిగించే ఇనుప పిన్ను ఏదైనా తీసుకుని చివర చూడండి. చిన్న చుక్క కనిపిస్తుంది. అది సుందర్ రావు పంచు పెట్టి కొట్టిన గుర్తు. కేసముద్రంలో జిన్నింగు మిల్లు ఆగినా, నర్సంపేటలో ట్రాక్టరు మొరాయించినా తిట్టు నేరుగా తనకే రావాలని ఇరవై ఎనిమిదేళ్లుగా కొడుతున్నాడు. పొగరు అనేవాళ్లు అననీ. పని వచ్చినవాడికి ఆ మాత్రం ఉంటేనే అందం.

మొన్న ఆ షాపులోకి ఇనుము కోసే కంప్యూటరు లేతు మిషన్ వచ్చింది. వెంకట్రాజం మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"శనివారం దాకా చూస్త సుందర్ రావూ. నీ చేతుల ఒక్క పిన్ను సరిగ్గ దిగాలె. లేకుంటే హైదరాబాద్ ఆపరేటర్‌తోని మాట్లాడి పెట్టిన, ఆయన్నే పిలిపిస్త."

నేర్పడానికి మిషన్ కంపెనీ తరఫున జెస్సికా వచ్చింది. ఐటీఐ చదివిన ఇరవై మూడేళ్ల పిల్ల. యాభై మూడేళ్ల సుందర్ రావు ఆమెను మేడం అనే పిలిచాడు. తెర మీద ప్రోగ్రాము చూసి మొదట బెదిరాడు గానీ, ప్రతి వరుసకూ ఓ అంకె ఉండటం చూసేసరికి ప్రాణం లేచొచ్చింది.

"గివి వచనాలు గదా మేడం!" అన్నాడు. ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం చదివేది ఆయనే మరి. అన్నీ నోట్‌బుక్కులో రాసుకుని, ఇంట్లో భార్య ఎస్తేరుకు అప్పజెప్పి ఆమె బుర్ర తినేశాడు.

శనివారం రానే వచ్చింది. పిన్ను సరిగ్గా యాభై మిల్లీమీటర్ల లావు ఉండాలి. మొదటి కోత అయ్యాక కొలిస్తే నలభై పాయింట్లు ఎక్కువుంది. మిల్లీమీటరులో వందో వంతును వాళ్లు పాయింటు అంటారు. ఆయన ఇరవై తగ్గించమని మిషన్‌లో అంకె కొట్టాడు. మళ్లీ కొలిస్తే ఇంకా ఇరవై మిగిలే ఉంది. వెంకట్రాజం జేబులోంచి ఫోను తీశాడు.

సుందర్ రావు నోట్‌బుక్కు పేజీలు తిరగేశాడు. అంతలోనే నుదురు కొట్టుకున్నాడు. చేతి లేతు మీద పనిముట్టును ఇరవై లోపలికి తోస్తే, రెండు వైపులా తెగి లావు నలభై తగ్గుతుంది. ఇన్నేళ్లూ ఆ సగం లెక్కే చేతికి అలవాటు.

"గిది సైజు అడుగుతాంది మేడం, నేను లోతు చెప్పిన!"

"నేను చెప్పక ముందే పట్టిండ్రు అంకుల్!" జెస్సికా చప్పట్లు కొట్టింది.

"ఎక్కువున్నది గాబట్టి నయం. తక్కువైతే తుక్కులకే పోతుండె" అన్నాడు సుందర్ రావు.

ఇంకో ఇరవై కొట్టి మీట నొక్కాడు. ఈసారి యాభై. వెంట్రుకంత తేడా లేదు. జెస్సికా రెండుసార్లు కొలిచి వెంకట్రాజం చేతిలో పెట్టబోయింది. సుందర్ రావు మధ్యలోనే అందుకుని పంచూ సుత్తీ తీశాడు.

"మిషన్ చేసినదానికి నీ చుక్కేంది సుందర్ రావూ?"

"ఖరాబైతే మిషన్‌ను తిడుతరా సేటూ? నన్నే గదా!" అని టప్పున కొట్టాడు. ఆ పూట ఆయన ఛాతీ జానెడు పెరిగింది, పెరగాల్సిందే.

వెంకట్రాజం ఆ చుక్కను బొటనవేలితో తడిమి చూశాడు. తర్వాత హైదరాబాదుకు ఫోను కలిపాడు.

"నువ్వు రాకు తమ్మీ. మా దగ్గర మనిషి ఉన్నడు."