బెల్టు కింది రోలర్లు

నా భార్య పోయాక పెనుకొండ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. హిందూపురంలో ఒక వర్క్‌షాపులో ఇనుము చెక్కే లేత్ మిషను పనికి కుదిరి, ఆ షెడ్డు వెనక గదిలోనే కాపురం పెట్టాను. కాపురమంటే ఒక స్టవ్వు, ఒక చాప, మూల ఆమె ట్రంకుపెట్టె.

ఎనభైల్లో మాకు బెంగళూరు ఎయిర్‌పోర్టు పని వచ్చింది. అంతదాకా కూలీలు బండ్ల మీద తోసుకొచ్చి దించే సామాన్లు ఇకపై కరెంటు బెల్టు మీద వస్తాయట. ఆ బెల్టు కింద తిరిగే ఇనుప రోలర్లు మేం చేయాలి. నాతోపాటు ఆ పని చేసింది ధర్మవరం నుంచి వచ్చిన ఒక ముసలి మేస్త్రీ, సాయిబు. నేను మామా అని పిలిచేవాణ్ణి.

షెడ్డులోనే బెల్టు బిగించి చూసిన రోజు, దాని మీద పెట్టడానికి సామాన్లు కావాలన్నారు. ఇరుగుపొరుగు వాళ్లు పెట్టెలు, పరుపుచుట్టలు తెచ్చారు. నేను ఆ ట్రంకు తెచ్చాను. అది కదలకుండా కూర్చుని అవతలి కొసకు పోయింది. మేస్త్రీ దించుకున్నాడు.

"ఏముండాయబ్బా దీంట్లో, ఇంత బరువుండాది?"

"ఆమె చీరలు మామా."

ఆయన పెట్టెను తనే మోసుకెళ్లి నా గదిలో పెట్టి వచ్చాడు.

రోలర్లు లారీలో పోయాయి. కొన్నాళ్లకు మేస్త్రీ చూపు తగ్గి, పని మానుకుని ధర్మవరంలో కూతురింటికి చేరాడు. షెడ్డులో నాతో మాట్లాడేవాళ్లు లేకపోయారు.

ఒక ఆదివారం బెంగళూరు పోయి, చూడ్డానికొచ్చేవాళ్లకిచ్చే టికెట్టు కొని ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్లాను. అద్దాల అవతల నల్లటి బెల్టు మీద సూట్‌కేసులు వస్తున్నాయి. పక్కన నిలబడ్డాయన, ఎవరొస్తున్నారని కన్నడంలో అడిగాడు. ఎవరూ రారు, బెల్టు చూడ్డానికి వచ్చానన్నాను. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి దూరంగా జరిగాడు.

తిరుగు రైల్లో హిందూపురం వచ్చింది. దిగలేదు. దిగితే ఈ సంగతి ఎవరికి చెప్పాలి? పెనుకొండ కూడా దాటి ధర్మవరం పోయాను.

మేస్త్రీ నా గొంతు వినగానే లేచి కూర్చున్నాడు. అంతా చెప్పాను.

"మన రోలర్లు అగుపడినాయా?"

"లేదు మామా. పైన రబ్బరు కప్పినారు."

"కప్పనీలే. తిరుగుతాండాయి కదా," అన్నాడు. నా చెయ్యి తడిమి పట్టుకుని, "ఒక్కనివే ఎన్నాళ్లుంటావబ్బా?" అన్నాడు.

ఆయన కూతురు అన్నం పెట్టింది. వసారాలో పడుకుని, లోపల పిల్లల మాటలు వింటూ నిద్రపోయాను. తెల్లారి హిందూపురం వెళ్లేసరికి, బోరు మోటార్ల పని వచ్చి ఉంది. లేత్ ఆన్ చేశాను.