తోడు ప్లేటు

ఆ పరిశోధనశాలలో ఆవిడని అందరూ ప్లేట్ల పిన్ని అంటారు. ఆ పేరు పెట్టిన విద్యార్థులు చదువులు ముగించుకుని ఎప్పుడో వెళ్ళిపోయారు. పేరు మాత్రం కొత్తవాళ్ళకి అందుతూనే ఉంది. ఇరవై రెండేళ్ళ క్రితం గాజుసామాను కడిగే పనికి చేరిన మనిషి. కడుగుతూ చూసింది, చూస్తూ అడిగింది, అడిగి అడిగి విసిగించి నేర్చుకుంది. ఇప్పుడు డాక్టరేట్ కోసం వచ్చే పిల్లలు కణాలను పెంచడమెలాగో ఆవిడ పక్కన నిలబడి నేర్చుకుంటారు.

అవి రొమ్ము క్యాన్సర్ కణాలు. ఏళ్ళ కిందట ఎవరి ఒంట్లోంచో తీసినవి. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ప్లేట్లలో, మీడియం అనే ఎర్రటి ద్రవంలో, తింటూ పెరుగుతూ ఉంటాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో పాతది తీసేసి కొత్తది పోయాలి. ఒక పూట ఆలస్యమైతే ఆ ఎరుపు కాస్తా పసుపుకి తిరుగుతుంది. అలాంటి ప్లేటు కంటబడితే, తిండికి మొహం వాచిపోయాయని పిన్ని ఆ వారం వంతు ఎవరిదో వాళ్ళని కడిగేస్తుంది. క్యాన్సర్ కణాల మీద అంత జాలేమిటని ఎవరో అడిగితే, జాలి కాదు, ఆకలితో ఉన్నవాడు సాక్ష్యం సరిగ్గా చెప్పడు అంది.

సాక్ష్యాల విషయంలో ఆవిడకి ఒక పట్టింపు ఉంది. మందు పోసిన ప్రతి ప్లేటు పక్కనా అచ్చం దానిలాంటిదే ఇంకొకటి, ఒకే ఒక్క తేడాతో, ఉండాలి. పుస్తకాల్లో దాన్ని కంట్రోల్ అంటారు. పిన్ని తోడు ప్లేటు అంటుంది. ఒక్కడే ఉంటే ఎన్ని కోతలైనా కోస్తాడు, పక్కన చూసినవాడు ఉంటేనే నోరు అదుపులో ఉంటుంది అనేది ఆవిడ సిద్ధాంతం.

ఇంత పట్టింపు ఉన్న మనిషే, ఒక సోమవారం సాయంత్రం ఫోన్లో ఒక మాటని తోడు లేకుండా వదిలేసింది.

ఫోన్లో అవతల ఉన్నది అక్క. రెండు వీధుల అవతల, ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతుంది. నాలుగు నెలల క్రితం ఎడమ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది. ఆరుసార్లు కీమో ఎక్కించాలన్నారు. రెండు అయ్యాయి, మూడోది ఆ గురువారం. రెండోదాని తర్వాత అక్క అయిదు రోజులు మంచం దిగలేదు. లేచాక వేలికొసలు తిమ్మిరెక్కి సూదిలో దారం ఎక్కలేదు. నలభై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని దారం ఎక్కించిన చేతులవి.

ఆ సోమవారం పరిశోధనశాలలో జరిగింది ఇదీ. పొడుగుపిల్ల అని పిలిచే విద్యార్థిని ఒకతె విటమిన్ సి మీద పనిచేస్తోంది. క్యాన్సర్ కణాల్లో, అదుపులేని పెరుగుదలని ఆపవలసిన జన్యువుల మీద కొన్ని రసాయన గుర్తులు పడి, అవి నోరు మూసుకుని కూర్చుంటాయి. ఆ గుర్తులని చెరిపే ఎంజైములు కొన్ని ఉన్నాయి. వాటికి విటమిన్ సి సాయం కావాలి. మామూలు మీడియంలో అది ఉండదు గనక, ప్లేట్లలోని కణాలు దాని ముఖం చూడకుండానే బతుకుతుంటాయి. కొంచెం కొంచెంగా ఇచ్చి చూస్తే ఆ జన్యువులు మళ్ళీ నోరు విప్పుతాయా అన్నది ఆ అమ్మాయి ప్రశ్న. కొంచెంతో ఏ కణమూ చావలేదు. ఓపిక నశించి, ఆదివారం వచ్చి, రక్తంలో మామూలుగా ఉండేదానికి వంద రెట్లు పోసి వెళ్ళింది. తెల్లారేసరికి ప్లేటంతా శవాలే. విటమిన్ పోయని తోడు ప్లేటులో మాత్రం కణాలు హాయిగా ఉన్నాయి.

ఆ సాయంత్రం పిన్ని అక్కతో, "విటమిన్ సి పనిచేసిందక్కా. ఒక్కటీ మిగల్లేదు," అంది. పరిశోధనశాలలో పనిచేసిందంటే ప్రయోగం అడ్డం తిరగలేదని, రాసుకోవడానికి ఏదో ఒకటి దొరికిందని అర్థం. కుట్టుగదిలో పనిచేసిందంటే జబ్బు నయమైందని. అక్క ఏ బిళ్ళలో, ఎక్కడ దొరుకుతాయో మామూలుగా అడిగినట్టే అడిగింది. పిన్ని ధ్యాస స్టవ్ మీద ఉంది. మందులషాపుల్లో ఎక్కడైనా ఉంటాయిలే అనేసింది.

మంగళవారం పొద్దున మైక్రోస్కోప్ కింద ఆ ప్లేటు పెట్టుకుని మళ్ళీ చూసినప్పుడు పిన్నికి ఏదో తట్టింది. కణాలు ముడుచుకుపోయి, అంచులు కొరికేసినట్టు ఉన్నాయి. ఈ చావు ఆవిడ ఇదివరకు చూసింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, క్రిములని చంపే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తుడిచిన సామాను సరిగ్గా కడగకుండా వాడనిచ్చి, వారం కష్టాన్ని ఒక్క రోజులో చంపేసి, జీవితంలో తినని తిట్లు తింది. ఆ శవాలూ ఇలాగే ఉన్నాయి.

పొడుగుపిల్ల ఉబ్బితబ్బిబ్బవుతూ పెద్దసారుకి ఉత్తరం రాస్తోంది. పిన్ని ఆ అమ్మాయి కుర్చీ పక్కకి లాగింది.

"దీనికి ఇంకో తోడు కావాలి తల్లీ."

"ఉంది కదా పిన్నీ, విటమిన్ లేనిది."

"అది ఒక తోడు. చంపింది విటమినేనా, విటమిన్ మీడియంతో కలిసి పుట్టించిన పెరాక్సైడా? అది అడగడానికి రెండో తోడు."

అమ్మాయి మొహం వాడిపోయింది గాని, తెలివైన పిల్ల. పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే క్యాటలేజ్ అనే ఎంజైము ఫ్రిజ్‌లోంచి తీసింది. అంతే విటమిన్ సి, దాంతోపాటు క్యాటలేజ్. బుధవారం పొద్దున చూస్తే ఆ ప్లేటులో ఒక్క కణమూ చావలేదు. బోర్లా పడుకున్న పిల్లల్లా ప్లేటుకి అంటుకుని నిక్షేపంగా ఉన్నాయి. అంటే హత్య జరిగింది కణం లోపల కాదు, బయట, ఆ ఎర్రనీళ్ళలో. పొడుగుపిల్ల ఉత్తరం చెరిపేసి, మళ్ళీ కొంచెం విటమిన్ దగ్గరికి, తన అసలు ప్రశ్న దగ్గరికి వచ్చింది. పిన్ని రెండు ప్లేట్లకీ ఫోటోలు తీసుకుంది.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. బావ ఎప్పుడూ చుట్టూ తిప్పి మాట్లాడే మనిషి. వాతావరణం దగ్గర మొదలుపెట్టి, కీమో దగ్గర ఆగాడు. అక్క రేపు రానంటోందట. సోమవారం రాత్రే బిళ్ళలు తెప్పించుకుని పూటకి నాలుగు మింగుతోందట. "నీ దగ్గర పనిచేసిందటగా, నేను కాదంటే వింటుందా?" అన్నాడు.

పిన్ని చేతిలో ఉన్న సీసా మూత బిగించి, బల్ల మీద పెట్టింది. తన నోట్లోంచి వచ్చిన మాట రెండు వీధులు నడిచి వెళ్ళి ఏం చేసిందో అప్పుడు కనిపించింది. భయపడలేదు. చెడిపోయిన ప్లేటుని చూసి భయపడితే ఇరవై రెండేళ్ళు ఎలా గడిచేవి? ఎక్కడ చెడిందో తెలిసింది, ఇక సరిచేయడమే మిగిలింది. సాయంత్రం ఆరుకల్లా అక్క ఇంటి గుమ్మంలో ఉంది.

ముందుగదిలో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మూలన తలలేని బొమ్మ సగం కుట్టిన నీలం గౌనుతో నిలబడి ఉంది. అక్క స్కార్ఫు సవరించుకుని, బిళ్ళల డబ్బా మిషను కింద సొరుగులోకి తోసింది.

"ఆయన నీకు చెప్పేశాడన్నమాట."

"చెప్పాడు. తప్పు నాది అక్కా. పనిచేసిందన్నాను. ప్లేటులో పనిచేసింది. అదీ నేననుకున్న కారణానికి కాదు."

ఫోటోలు చూపించింది. పెరాక్సైడ్ సంగతి, రెండో తోడు సంగతి చెప్పింది. ఒంట్లో రక్తం నిండా ఆ క్యాటలేజ్ ఉంటుందని, బిళ్ళలు ఎన్ని మింగినా ఒళ్ళు ఒక హద్దు దాకానే ఉంచుకుని మిగతాది ఒంటేలుతో పంపేస్తుందని, ప్లేటులో పోసినంత రక్తంలోకి చేరదని చెప్పింది. అక్క తీసిపారేసే రకం కాదు. ఫోటోలని పెద్దవి చేసి, కుట్టు పరీక్షించినట్టు పరీక్షించింది.

"నోటితో కాకపోతే సూదితో ఎక్కిస్తారట కదా. మొన్న ఒకావిడ చెప్పింది."

"సూదితో ఎక్కువ చేరుతుంది, నిజమే. దాన్ని ఇంకా పరీక్షిస్తున్నారు. కీమో బదులు అది చాలని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. తేలినరోజు మొదట నీకే చెప్తాను."

అక్క తన వేలికొసలు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. "ఆ కీమో ఎక్కించుకుంటే నేను బతుకుతానేమో. ఈ చేతులు బతకవు. నీకేం, చూసే పని నీది. నాది చేతులతో పని."

అసలు మాట అదీ. విటమిన్ సి మీద నమ్మకం కాదు, వేళ్ళ మీద బెంగ. పిన్ని దానికి ఫోటో తీసుకురాలేదు. తిమ్మిరి సంగతి డాక్టరుకి చెప్పావా అని అడిగింది. లేదంది అక్క. చెప్తే కుట్టడం మానేయమంటారని. ఆ తిమ్మిరిని బట్టే మందు మోతాదు సవరిస్తారని, చెప్పకుండా దాస్తే వాళ్ళకి తోడు ప్లేటు లేనట్టేనని పిన్ని అంది. అక్క నవ్వలేదు. మూలన ఉన్న బొమ్మ వైపు తిరిగింది.

"దాని మీద ఎంత బాగా కూర్చుందో చూడు ఆ గౌను," అంది. "రేపు కుట్టించుకునే ఆవిడ వచ్చి తొడుక్కుంటే చంకల్లో లాగుతుంది. ఎప్పుడూ అంతే. బొమ్మకి ఊపిరి లేదు, తిండి లేదు, చెయ్యెత్తదు."

"నా ప్లేటూ అంతే."

"తెలుస్తూనే ఉంది. నాకు నువ్వు చెప్పాలా?" అని, సొరుగు లాగి బిళ్ళల డబ్బా చెల్లెలి ఒళ్ళో పడేసింది. "ఎన్నింటికి బయల్దేరాలి?"

గురువారం ముగ్గురూ వెళ్ళారు. అక్క ముందు తన వేళ్ళు చూపించింది, తర్వాత డబ్బా చూపించింది. డాక్టరమ్మ మోతాదు తగ్గించి, రెండు కీమోల మధ్య వ్యవధి పెంచింది. బిళ్ళలు ఈ వైద్యం అయ్యేదాకా పక్కన పెట్టమంది. కమలాపండ్లు తినొచ్చా అని బావ అడిగితే, అవి తినడానికి నన్నడగక్కర్లేదు అంది.

ఈసారి అక్క మూడు రోజులకే మంచం దిగింది. తిమ్మిరి పూర్తిగా పోలేదు. పెద్ద కన్నున్న సూది తెప్పించుకుని నీలం గౌను చంకలు విప్పి కుట్టింది. సాయంత్రాలు ఫోను మామూలుగానే మోగుతోంది, కాకపోతే పిన్నికి ఇప్పుడు సుఖం లేదు. మొన్న పొడుగుపిల్ల ప్లేటులో కొంచెం విటమిన్‌తో ఒక జన్యువు నోరు విప్పిందని పిన్ని సంబరంగా చెప్పబోయింది.

"ఆగు," అంది అక్క. "తోడు ప్లేటు ఏమంటోంది?"

పిన్ని చెప్పింది.

"రెండో తోడు?"

అది రేపు పెడుతున్నామంది పిన్ని.

"అయితే రేపే చెప్పు," అని అక్క ఫోను పెట్టేసింది.