వాంటన్ అంచు, కజ్జికాయ అంచు

చింతామణి బస్టాండు దగ్గర కొత్తగా వచ్చిన చైనీస్ బండి ముందు నిలబడి, నూనెలో వేయించే వాంటన్లు ఒక ప్లేటు చెప్పాను. వంటాయన మైదా రేకులో క్యాబేజీ పెట్టాడు. వేలు నాలుక మీద తడుపుకుని, ఆ తడితోనే అంచు అంటించి నూనెలో వేశాడు. "థూ!" అన్నాను.

"ఏమప్పా, నీళ్ళు లేవా? ఎంగిలి కాదా?"

"నూనెలో ఏగినాక ఎంగిలి యాడుంటాదమ్మా?"

ప్లేటు ముట్టకుండా వచ్చేశాను. బస్సెక్కినా ఆ వేలే కళ్ళ ముందు.

గౌరి పండగకు కజ్జికాయల అంచులు అంటించడానికి మన అవ్వలు పక్కన పెట్టుకునే పాలగిన్నె గుర్తుందా? చిన్నప్పుడు ఒక ఏడాది బాగేపల్లిలో మా అవ్వ ఇంట్లో ఆ పని నాకు అప్పగించారు. పాలు నేను తాగేశాను. మళ్ళీ అడిగితే తిడతారని, అవ్వ చూడకుండా అన్నిటినీ నాలుక తడితోనే అంటించాను.

నూనెలోంచి తీస్తూ అవ్వ మురిసిపోయింది. "ఒగటీ ఇడిపోలేదు సూడండి! దీని చెయ్యి మంచిది. గౌరమ్మకు ఇవే పెడదాం."

ఆ రోజు రెండేసి తిన్న మా పిన్ని పిల్లలందరూ ఇది చదువుతారని తెలుసు. వంటాయనను థూ అన్నాను. నన్ను అనాల్సింది మీరే.