లాంచీ దిగమన్న తాతయ్య

నా చిన్నప్పుడు మా తాతయ్య గోదావరి మీద లాంచీ నడిపేవాడు. సరంగుగారి మనవరాలినని నాకు కాస్త తలబిరుసు ఉండేదన్న మాట దాచను. నన్ను టిక్కెట్టు అడిగేవాళ్ళు లేరు. ఆయన పక్కనున్న చోటు ఎప్పుడూ నాదే.

లాంచీ పక్కన తెల్లరంగుతో ఒక గీత ఉండేది. జనం ఎక్కేకొద్దీ లాంచీ కిందికి దిగుతుంది కదా, ఆ గీత మునిగిందంటే రేవు వదలకూడదని సర్కారు రూలు. రూలు తెలియనివాళ్ళు లేరు, పట్టించుకునేవాళ్ళే తక్కువ. ఒళ్ళో పిల్లలైతే అసలు లెక్కలోకే రారు.

ఆ రోజు అమ్మ అవతలి ఒడ్డున ఆసుపత్రిలో ఉంది. తమ్ముడు పుట్టి వారమైంది, అమ్మ ముఖం చూసి కూడా వారమైంది. కొత్త గౌను వేసుకుని అందరికంటే ముందే ఎక్కి కూర్చున్నాను. అవతల సంత కావడంతో జనం విరగబడి ఎక్కారు. తాతయ్య వంగి చూశాడు. గీత మునిగిపోయింది. కొందరు దిగాలని కేకేశాడు. ఒక్కరూ కదల్లేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాతయ్య తిన్నగా నా దగ్గరికి వచ్చి, రెండు చేతులతో ఎత్తి, రేవులో దించేశాడు.

నిర్ఘాంతపోయాను. ఏడుపు కూడా రాలేదు. నన్నా? అమ్మ దగ్గరికి వెళుతున్న నన్నా? నా వెనకే ఒక పెద్దమనిషి తలవంచుకుని దిగాడు, ఆయన్ని చూసి ఇంకో నలుగురు దిగారు. గీత పైకి తేలింది. ఇప్పుడైనా నన్ను ఎక్కించుకుంటాడని చేతులు చాపాను. లాంచీ కదిలిపోయింది.

తరువాతి ట్రిప్పులో తీసుకెళ్ళాడు. దారంతా నేను మాట్లాడకపోతే ఆయనే అన్నాడు.

"నువ్వు బరువని దింపలేదే అమ్మడూ. నిన్ను ఉంచుకుని ఇంకోణ్ణి దిగమనడానికి నాకు నోరెలా వస్తాది?"

నాకేం బోధపడలేదు. కోపం మాత్రం బాగా గుర్తుండిపోయింది.

ఇప్పుడు ఆస్ట్రేలియాలో, పాయింట్ కుక్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మొన్న శనివారం మా చర్చి కుటుంబాలన్నీ కలిసి బోటు మీద పిక్నిక్‌కి బయలుదేరాం. యూనివర్సిటీలో చదువుకునే మా మనవరాలు వారాంతాల్లో ఆ బోటులోనే పనిచేస్తుంది. ప్రతి బోటుకీ ఎంతమంది ఎక్కొచ్చో కాగితం మీద రాసి ఉంటుందనీ, దేశం మొత్తానికీ ఒకటే చట్టమనీ చెబుతుంటుంది. మనవాళ్ళేమో పాత అలవాటు కొద్దీ పెద్దవాళ్ళకే సీట్లు బుక్ చేశారు. అది మాత్రం చేతిలో చిన్న మిషను నొక్కుతూ చంకలో పిల్లలతో సహా అందరినీ లెక్కపెట్టింది. మోకాళ్ళ నొప్పులతో వరసలో చివర నిలబడింది నేనే.

"సారీ అమ్మమ్మా. బోట్ ఫుల్. నెక్స్ట్ వన్‌లో రా."

డెబ్బై దాటినదాన్ని, మళ్ళీ ఆ రేవులో గౌను వేసుకుని నిలబడ్డట్టయింది. లోపలి నుంచి ఒకాయన అందుకున్నాడు.

"ఏంటమ్మా, ఓన్ గ్రాండ్‌మదర్‌ని ఆపేస్తావా? పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుంటాం, కౌంట్ చెయ్యకు."

"కిడ్స్ కౌంట్, అంకుల్," అంది. సొంత అమ్మమ్మనే ఆపేసిన పిల్లతో ఆయనేం వాదిస్తాడు?

ఎప్పుడో కారులో దానికి తాతయ్య సంగతి చెప్పాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి, విననే లేదనుకున్నాను.

బోటు కదిలింది. తాతయ్య దగ్గర అబ్బిన అలవాటు ఈ వయసులోనూ పోలేదు, మోకాళ్ళు పట్టుకుని వంగి చూశాను. బోటు పక్కనున్న గీత నీళ్ళకు పైనే ఉంది.