అది దగ్గు కాదండీ

అమ్మకు చూపు పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి ఆమెకు నేనంటే నా గొంతే. పని నుంచి వచ్చి గుమ్మంలో "అమ్మా" అంటే చాలు, మంచం మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చేది. అందుకే నా గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ అన్నప్పుడు, కడుపు కోస్తారన్న భయం కంటే, గొట్టం వేస్తే గొంతేమవుతుందోనన్న భయమే ఎక్కువైంది.

గుంటూరు ఆసుపత్రిలో మత్తు డాక్టరు గారు ఓపికగానే చెప్పారు.

"నిద్రపుచ్చాక గొంతులోకి గొట్టం వేస్తామమ్మా. లేచాక గొంతు నొప్పి రావచ్చు. రాకుండా సన్న గొట్టమే తీసుకుంటాను. ముందుగా అతిమధురం నీళ్లిస్తారు, బాగా పుక్కిలించి ఉమ్మేయండి. దగ్గేమైనా ఉందా? ఉంటే తగ్గాకే చేద్దాం."

"లేదండీ" అన్నాను.

అబద్ధమాడలేదు. పన్నెండేళ్లుగా మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. మా షెడ్డులో ఆడవాళ్లందరం పొద్దస్తమానం ఖళ్లుఖళ్లుమంటూనే ఉంటాం. దాన్ని ఘాటు అంటాం. దగ్గంటే మందు తాగాల్సింది. ఘాటుకు ఎవరైనా మందు తాగుతారా?

మెలకువ వచ్చేసరికి ఎక్కడో ఒక ఆడమనిషి ఊపిరాడనట్టు దగ్గుతోంది. పాపం ఎవరో అనుకున్నాను. కాసేపటికి గానీ అదురుతున్న ఛాతీ నాదేనని తెలియలేదు.

"గొట్టం తీసేటప్పుడు మరీ దగ్గారమ్మా" అన్నారు డాక్టరు గారు. "గొంతు లోపల ముందే ఎర్రగా ఉంది. మిరప పనికి వెళ్తారని చెప్పాలి కదా!"

"అది దగ్గు కాదండీ, ఘాటు" అన్నాను. మాటలు నావే, గొంతు నాది కాదు. బొంగురుగా, ఎవరో నా లోపల కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. కొన్నాళ్లకు సర్దుకుంటుందన్నారు.

మూడో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి, గుమ్మంలో "అమ్మా" అన్నాను.

అమ్మ జరగలేదు. "ఎవరండీ మీరు?" అంది.

"నేనేనమ్మా."

చేయి చాపి నా ముక్కు, చెవులు, బుగ్గ మీది పుట్టుమచ్చ తడిమింది. చటుక్కున చేయి వెనక్కి లాక్కుంది.

"మొహం మా అమ్మాయిదే" అంది మెల్లగా. "లోపల ఎవరు?"

ఆ ఆపరేషన్ బల్ల మీంచి లేచింది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. ఏడుపు ఆపుకోబోతే ఘాటు తన్నుకొచ్చింది. గోడ పట్టుకుని దగ్గాను. ఎప్పటిలాగే రెండు చిన్నవి, ఒకటి పొడుగ్గా. కుట్లు లాగి ప్రాణం పోయినంత పనైంది.

తలెత్తేసరికి అమ్మ మంచం మీద పక్కకు జరిగి ఉంది.